బిరివాలో ఎంతసేపు

ఎకువా బల్ల మీద మ్యాపు పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు నారింజలు పెట్టింది. అక్రా నుంచి ఆక్సిమ్ దాకా సముద్రం పక్క రోడ్డు. నా కూతురికి జూలైలో ఐదు రోజులు సెలవు దొరికింది. కొత్తగా కొన్న పాత కారులో నన్ను తిప్పుతుందట.

"ఎక్కడెక్కడ ఆగాలో నువ్వే చెప్పు నాన్నా. ముప్పై ఒక్క ఏళ్లు తోలావు ఆ రోడ్డు మీద."

తోలాను. సముద్రాన్ని మాత్రం ప్రయాణికులు చూశారు. నాకు తెలిసినవి గుంతలు, పోలీసులు, పంక్చర్లు వేసే షెడ్లు. కళ్లు మందగించి వ్యాను వదిలేసి నాలుగేళ్లయింది.

"విన్నెబా," అన్నాను. "పొద్దున్నే పడవలు ఒడ్డుకు లాగుతారు. నీలాంటివాళ్లు నిలబడి ఫొటోలు తీసుకుంటారు."

"నాలాంటివాళ్లంటే?"

"పనిలేనివాళ్లు."

నవ్వి రాసుకుంది. తర్వాత ఎకుంఫి దగ్గర అనాసపండ్లు. ఎల్మినాలో వేయించిన చేప, కెంకే అనే మొక్కజొన్న ముద్ద.

"కెంకే వంతెన పక్క ముసలమ్మ దగ్గరే కొను. మిగతావాళ్లు నిన్నటిది మళ్లీ వేడి చేసి ఇస్తారు."

"ఆవిడింకా బతికుందా?"

"లేకపోతే కూతురుంటుంది. దానికీ అదే నోరు."

ఆ తర్వాత ఎకువా నన్ను అడగకుండానే, రోడ్డు మీద కొంచెం వెనక్కి వచ్చి బిరివా దగ్గర చుక్క పెట్టింది. పక్కన మంగళవారం అని రాసింది.

కలం లాక్కుని మంగళవారం కొట్టేసి బుధవారం అని రాశాను.

"ఎందుకు?" అంది.

"మంగళవారం అక్కడ చూడ్డానికేముంది? పడవలన్నీ ఒడ్డునే పడుంటాయి."

"పడవలా? మామయ్యా?"

మంగళవారం సముద్రం జోలికి ఎవరూ వెళ్లరు. ఆ రోజు సముద్రానిది. పడవ తోసినవాడికి పెద్దలు శిక్ష వేస్తారు. జాలర్లందరూ ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. బిరివాలో క్వమెనా కూడా అలాగే కూర్చుంటాడు. నా భార్య మాన్సాకు తమ్ముడతను. మాన్సా సమాధి వాళ్ల ఇంటి వెనక ఉంది. నేనింతవరకు దాన్ని చూడలేదు. బుధవారమైతే అతను సముద్రం మీద ఉంటాడు, తలుపు అతని భార్య తీస్తుంది. నేను చూసుకుని వచ్చేయవచ్చు.

మాలో భార్య పోతే శవపేటిక భర్త తేవాలి. పూడ్చే హక్కు మాత్రం ఆమె తల్లి తరఫువాళ్లది. ఆరేళ్ల క్రితం నేను పేటిక తీసుకుని బిరివా వెళ్లాను. క్వమెనా జనం అందరి ముందూ మూత మీద వేలితో కొట్టి చూశాడు. "బావా, మా అక్కని చేపలనుకున్నావా, ఈ డబ్బాలో పెట్టడానికి?" అన్నాడు. కొందరు నవ్వారు. పేటికను మళ్లీ వ్యాను ఎక్కించి అక్రా వచ్చేశాను. ఎకువా అక్కడే ఉండిపోయింది. వాళ్లు తెచ్చిన పేటికలోనే తల్లిని దించడం చూసింది.

మేం మ్యాపు పరిచిన ఈ బల్ల ఆ పేటిక చెక్కతో చేయించిందే. మంచి చెక్క. ఇన్నేళ్లయినా పురుగు ముట్టలేదు.

"సరే, బుధవారమే," అంది ఎకువా. అంత త్వరగా ఒప్పుకునే పిల్ల కాదు. అనుమానంగా చూశాను.

"ఏమిటే ఆ నవ్వు?"

"ఏ వారమైతే ఏముంది నాన్నా? జూలై కదా. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం నెల రోజులు వేట ఆపించింది. ఒక్క పడవ కదలదు. నెలంతా మంగళవారమే."

రేడియోలో విన్నాను ఆ సంగతి. పట్టించుకోలేదు. నా వ్యాను రోజుల్లో సముద్రానికి వారానికి ఒక్క రోజే సెలవు.

"నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"అయితే ఆగస్టులో వెళ్దాం."

"ఆరేళ్లుగా ఆగస్టులోనే వెళ్తున్నాం. నాకు సెలవు ఇప్పుడే. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే వెళ్తాను. అమ్మ దగ్గర ఆగుతాను. ఈసారి కూడా నాన్న రాలేదని చెప్తాను."

ఆ మాట తల్లి గొంతులాగే ఉంది. మాన్సా నా వ్యానులో ముందు సీట్లో కూర్చుని, బిరివా రాగానే ఒక్క నిమిషం ఆపమనేది. సీట్లు నిండి ఉన్నాయని ఆపేవాణ్ని కాదు.

ఎకువా లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"నాకు దాహం లేదు."

"నేనిప్పుడు క్వమెనా మామయ్యని. తాగు."

మా దగ్గర ఇంటికి వచ్చినవాడికి ముందు నీళ్లిస్తారు. తాగాక, ఏం పని మీద వచ్చావని అడుగుతారు. అతను నోరు విప్పి చెప్పాలి. చెప్పేదాకా ఏ పనీ మొదలవదు. సగం గ్లాసు తాగాను.

"ఏం పని మీద వచ్చావు బావా?" బొంగురు గొంతు పెట్టి అడిగింది.

"ఏమీ లేదు. దారిన పోతూ వచ్చాను."

"అయితే దారినే పో. దారిన పోయేవాళ్లకి మా ఇంటి సమాధులు చూపించం."

"వాడు అలాగే అంటాడు వెధవ."

"అందుకే అడుగుతున్నా. ఏం పని మీద వచ్చావు?"

"నా భార్యను చూడ్డానికి వచ్చాను."

"ఇన్నాళ్లకా?"

కుర్చీలోంచి లేచాను. "నువ్వెవతివే నన్నడగడానికి!"

"నేనడగను నాన్నా. ఆరేళ్లలో ఒక్కసారైనా అడిగానా? ఆయన అడుగుతాడు. అప్పుడూ ఇలాగే లేచి బండి తిప్పమంటావా? తోలేది నేను. తిప్పను."

నిలబడే ఉన్నాను. ఆ రోజు క్వమెనా అన్న మాట పదేపదే గుర్తు చేసుకున్నాను ఇన్నేళ్లూ. నా పేటిక వద్దన్నాడు కానీ, నన్ను వెళ్లిపొమ్మని అతను గానీ మరొకరు గానీ అనలేదు. అక్కడ కుర్చీ వేసే ఉంది నాకు.

"అప్పుడే వచ్చాను," అన్నాను. "నేనే వెనక్కి తిప్పాను."

ఎకువా గొంతు మార్చి ఇంకేమీ అడగలేదు. గ్లాసు తీసి మ్యాపు మీద పడ్డ తడి గుడ్డతో ఒత్తింది.

"ఆ పేటిక సంగతి కూడా అడుగుతాను వాణ్ని," అన్నాను. "దానికేం లోటని?"

"అడుగు. అరవకుండా అడుగు."

"అరుస్తాను."

"సరే, అరుచుకో."

ఆగే చోట్లన్నిటికీ పక్కన ఎంతసేపో రాసుకుంటూ వచ్చింది. విన్నెబాలో రెండు గంటలు. ఎల్మినాలో భోజనం. బిరివా పక్కన అరగంట అని రాసింది. అరగంటైనా నేను కూర్చోనని దాని భయం.

కలం తీసుకుని అది కొట్టేశాను. రాత్రి బస అక్కడే అని రాశాను. అతన్ని క్షమించి కాదు. నీళ్లు తాగి, పని చెప్పి, అరవాల్సింది అరిచి, ఆ తర్వాత మాన్సా దగ్గరికి వెళ్లాలి. అరగంటలో ఎక్కడవుతుంది?