సార్తిని గది కింది బూడిద

ఆ ఏడు ఎండలకి సార్తిని పడకగది గోడలో బీట చెయ్యి దూరేంత అయింది. నేల దగ్గర మొదలై, కిటికీ మూలని పట్టుకుని పెంకుల దాకా పాకింది. గది తలుపు మూసుకోవడం ఎప్పుడో మానేసింది. ఆవిడ మాత్రం బీట మీద ఒక క్యాలెండరు తగిలించి, వచ్చినవాళ్లని ఆ వైపు తొంగి చూడనివ్వకుండా ముందు గదిలోనే కాఫీ ఇచ్చి పంపేసేది. వానలు మొదలైతే ఎండిన రేగడి మళ్లీ ఉబ్బుతుంది. ఈసారి ఉబ్బితే ఆ గోడ నిలవదని ఆవిడ తమ్ముడు దర్మాజికి తెలుసు. తెలియకేం, కట్టింది అతనే.

సోలో నది పక్కన ఆ చుట్టుపట్ల ఊళ్లన్నింటి నేలా అంతే. వానల్లో పులిసిన పిండిలా లేస్తుంది, ఎండల్లో నెర్రెలు విచ్చి చెప్పులు మింగుతుంది. అందుకే పాతకాలం వాళ్లు టేకు ఇళ్లని రాతి దిమ్మల మీద ఊరికే నిలబెట్టి ఊరుకునేవాళ్లు. నేల కదిలితే ఇల్లూ దాంతోపాటే కదిలేది. ఒక మూల కుంగితే నలుగురూ పట్టి లేపి, కింద రాతిముక్క దోపి, టీ తాగి వెళ్లేవాళ్లు. ఇప్పుడు కర్ర ఇల్లు ఎవరికి కావాలి? అందరికీ ఇటుక గోడలూ నున్నటి టైల్సూ కావాలి. సార్తినికీ కావలసి వచ్చాయి. భర్త పోయాక సంతలో ఆకుకూరలూ వేరుశనగ పచ్చడీ కలిపి అమ్ముకుంటూ, ఒక్క కోరిక కోరుకుంది ఆవిడ. ఆ కోరిక తీర్చేవాడు ఇంట్లోనే తాపీ మేస్త్రీగా ఉంటే ఇంకేం కావాలి.

దర్మాజి అక్కకి మాటిచ్చాడు, వెంట్రుకంత బీట కూడా రానివ్వనని. ఉత్త గొప్పలు కావు. అంతకుముందు అతను రోడ్డు పనిలో మేస్త్రీగా చేశాడు. అక్కడ రేగడిని తవ్వి తీసి, వరి ఊక బూడిదా సున్నమూ కలిపి, నీళ్లు చల్లి, దిమ్మిసలతో గట్టిగా కొట్టి మళ్లీ పరిచారు. నాలుగు వానాకాలాలు లారీలు తొక్కినా ఆ రోడ్డు చెక్కుచెదరలేదు. బూడిదకేం తక్కువ? ఇటుక బట్టీల వాళ్లు ఊకే కాలుస్తారు, ఆ బూడిదని దారి పక్కన గుట్టలుగా పోస్తారు. కాకపోతే అది తెల్లగా కాలిన బూడిదై ఉండాలి. నల్లగా ఉందంటే అది సగం కాలిన ఊక, అంటే బొగ్గు. మిరప నారుకి బాగానే ఉంటుంది గాని సున్నంతో కలిసి గట్టిపడదు. ఉడికిన అన్నానికీ పలుకు అన్నానికీ ఉన్నంత తేడా.

ఇల్లు కడుతుంటే ఆ ఊళ్లో కూలికి మనుషుల్ని పెట్టుకోరు. సంబతాన్ అని, ఊరంతా వచ్చి చెయ్యి వేస్తుంది. వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రారు, ఉన్నంతలో ఏదో ఒకటి పట్టుకొస్తారు. తెచ్చినదాన్ని తెచ్చినవాళ్ల ముందు విప్పి చూసి ఎంచడం మాత్రం చెయ్యరు. కుళ్లిన కొబ్బరికాయ తెచ్చినా రెండు చేతులా అందుకుని, సరిగ్గా ఇదే తక్కువైందని చెప్పి, వాళ్లు వెళ్లాక పెరట్లో పారేస్తారు. ఆ మొహమాటం వాళ్లకి తల్లిపాలతో వస్తుంది. దర్మాజి అందరికీ ముందే చెప్పి పెట్టాడు, బియ్యమూ పంచదారా వద్దు, తెల్ల బూడిద తెండి అని. జనం తట్టలతో, సంచులతో, పిల్లల స్నానాల తొట్లతో కూడా తెచ్చిపోశారు.

అప్పుడు వచ్చాడు వగిరాన్.

వగిరాన్, దర్మాజి చిన్నప్పుడు ఒకే గేదె మీద ఎక్కి తిరిగినవాళ్లు. వగిరాన్ నోటికి తాళం లేదు. ఒక పెళ్లిలో అందరూ వింటుండగా, మసీదు బావికి దర్మాజి కట్టిన గోడ తాగినవాడిలా ఒరిగి నిలబడిందన్నాడు. జనం పొట్ట పట్టుకు నవ్వారు. గోడ ఒరిగిన మాట నిజమే. నిజం కాబట్టే దర్మాజికి అంత మంటెత్తింది. ఆ రోజునుంచి ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే తల ఊపి తప్పుకునేవాళ్లు. ముందు మాటలు మానేసింది తనేనని దర్మాజికి లోపల తెలుసు, ముందుగా పలకరించడానికి నోరు రాలేదు. అలాంటిది వగిరాన్ తనంతట తనే తోపుడు బండి మీద బస్తాలు వేసుకుని రావడంతో, పని చేస్తున్నవాళ్లంతా దిమ్మిసలు ఆపి చూశారు.

వగిరాన్ ఒక బస్తా మూతి విప్పాడు. లోపల నల్లగా, మసిలా ఉంది.

"బూడిద తెచ్చాను. పనికొస్తుందేమో చూడు" అన్నాడు.

దర్మాజి చూశాడు. చూడగానే అతని మొహం ఏమైందో అతనికి తెలియదు గాని, పక్కనే నీళ్ల బిందెతో నిలబడ్డ అక్క చూసింది. ఇది వద్దు, తెల్లది పట్రా అనాలి. అంత చిన్న మాట. ఇన్నేళ్ల తరవాత గడప తొక్కిన మనిషితో, ఊరంతా చూస్తుండగా ఆ మాట ఎలా అంటాడు?

"ఇంతకన్నా మంచిది ఎక్కడ దొరుకుతుంది" అన్నాడు.

వగిరాన్ అతని వంక ఒక్క క్షణం అలాగే చూసి, సరేనని తలాడించాడు. ఎక్కడ పోయమంటారని ఎవరో అడిగారు. దర్మాజి జవాబు వెతుక్కునేలోగా సార్తిని అందుకుంది. తన పడకగది వైపు పొయ్యమంది. చెడ్డదేదైనా ఉంటే అది తన మంచం కింద ఉంటే చాలని ఆవిడ అనుకున్నట్టు తమ్ముడికి అర్థమైంది. అర్థమయ్యీ ఊరుకున్నాడు.

కలిపి కొట్టిన మట్టిని గోనెలతోనూ అరటాకులతోనూ కప్పి, తడిపి, గోడలు లేపే ముందు కొన్నాళ్లు అలా వదిలేస్తారు. ఆ కొన్నాళ్లలో ఏ తెల్లవారుజామునో అక్కా తమ్ముడూ కలిసి ఆ మూల తవ్వేసి తెల్లది నింపి ఉండవచ్చు. దర్మాజి రోజూ అనుకున్నాడు. కానీ వగిరాన్ రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. వానల గురించీ తన బాతుల తిండి గురించీ మర్యాదగా మాట్లాడి, ఇచ్చిన కాఫీ తాగి వెళ్లేవాడు. స్నేహితుడు మళ్లీ దక్కాడు, అది చాలుననిపించింది దర్మాజికి. ఆ మూల పునాదిలో ఇనుప చువ్వలు రెట్టింపు వేసి, మనసుకి అదే సర్ది చెప్పుకున్నాడు.

ఇనుము మట్టికి జవాబు చెప్పలేదు. మొదటి ఎండలకే గీత పడింది. మిగతా ఇల్లంతా ఇప్పటికీ రాయిలా ఉంది, ఆ ఒక్క మూల తప్ప. సార్తిని ఒక్క మాట అనలేదు, సరాసరి క్యాలెండరు కొనుక్కొచ్చింది. అక్క తిట్టి ఉంటే బాగుండునని దర్మాజి చాలాసార్లు అనుకున్నాడు. వగిరాన్ కూడా ఏమీ అనలేదు. వెనకటి వగిరాన్ అయితే ఆ బీట చూసి ఊరంతా దండోరా వేసేవాడు. ఇప్పుడు బయటి నుంచి కూడా బీట కనిపిస్తున్నా చూడనట్టే కాఫీ తాగేవాడు. వయసు మీద పడి పెద్దరికం వచ్చిందనుకున్నాడు దర్మాజి. ఇచ్చినవాడు కళ్లెదుట తిరుగుతుండగా, అతను ఇచ్చినదాన్ని ఇంటికింద నుంచి పెకలించి ఎలా తీస్తారు? అందుకని ఏడాదికేడాది వాయిదా పడింది.

ఈ ఎండాకాలం మొదట్లో వగిరాన్ జ్వరంతో పోయాడు. పాడె మోసినవాళ్లలో దర్మాజి ఒకడు. గోరీలో మట్టి వేస్తుంటే ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు వెనకాలే, ఇంక తవ్వచ్చు అన్న ఆలోచనా వచ్చింది. తన మీద తనకే రోత పుట్టి, అక్కడే నిలబడ్డవాళ్ల మొహాలు చూడలేకపోయాడు.

నలభయ్యో రోజు ప్రార్థనా భోజనాలూ అయ్యేదాకా ఆగి, గునపం తీసుకుని అక్క ఇంటికి వెళ్లాడు. గునపం చూడగానే సార్తిని మంచం వంటింట్లోకి లాక్కుంది. అతను కప్పుకి వెదురు బొంగులు ఊతంగా పెట్టి, బీటపడ్డ గోడ ఇటుకలు ఒక్కొక్కటే తీసి, టైల్సు పగలగొట్టి తవ్వడం మొదలుపెట్టాడు. పక్క గది వైపు గునపం వేస్తే కణేల్మని మోగింది. ఈ మూల మాత్రం మెత్తగా దిగింది. గుప్పిట్లోకి తీస్తే బూడిద పోసిననాటిలాగే నల్లగా, పొడిపొడిగా రాలింది. ఇన్నాళ్లూ అక్క దీని మీద పడుకుంది. అతనికి గునపం ఎత్తబుద్ధి కాలేదు.

అంతలో వగిరాన్ భార్య లస్మి, మొన్నటి భోజనాల నాడు అరువు తీసుకున్న పళ్లాలు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఆవిడని చూడగానే దర్మాజి గబగబా గోనె లాగి గోతి మీద కప్పాడు.

"దాస్తారెందుకు దర్మా అన్నా? అది మాదేగా" అంది లస్మి.

దర్మాజి బూడిద మంచిదేననీ, తప్పు తన పనితనానిదేననీ ఏదో గొణిగాడు. లస్మి పళ్లాలు కింద పెట్టి, గోతి అంచున కూర్చుంది.

"ఇంకా అదే మాటా? ఆ రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఏమైందని నేనడిగితే, 'వాడు అబద్ధం చెప్పాడే. బొగ్గు పట్టుకెళ్లి పనికొస్తుందా అంటే మంచిదన్నాడు. వెనకటి దర్మా అయితే, అవతల పారెయ్యరా వెధవా అనేవాడు. అంత మర్యాద పరాయివాళ్లకి చేస్తారు' అన్నాడు."

సార్తిని వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. తెలిసే తెచ్చాడా అని నెమ్మదిగా అడిగింది. తెలిసేనని చెప్పింది లస్మి. ఆ వారం బాతుగుడ్లని ఉప్పులో ఊరవేసి అమ్మేవాళ్లు వచ్చి, గుడ్లకి పూయడానికి బట్టీల దగ్గరి తెల్ల బూడిదంతా ఎత్తుకుపోయారట. ఉత్త చేతులతో రావడానికి సిగ్గుపడి, దొరికింది బండికెక్కించాడట. పనికిరాదంటే ఆ వంకనే ఇంకోసారి రావచ్చుననుకుని మురిసిపోతూ బయలుదేరాడట.

దర్మాజి గునపం కింద పెట్టేశాడు. ఇది వద్దు అని ఒక్క మాట అంటే స్నేహం పోతుందనుకున్నాడు. ఆ మనిషి ఆ ఒక్క మాట కోసమే వచ్చాడు. అక్క గదినీ పోగొట్టాడు, దాన్ని పణంగా పెట్టి దేన్ని దక్కించుకున్నాననుకున్నాడో అదీ ఏనాడూ దక్కలేదు.

"ఒకసారి మా ఇంటికి రండి. మీది ఒకటి మా దగ్గర ఉండిపోయింది" అంది లస్మి లేస్తూ.

బాతుల దొడ్డి వెనక చిన్న కొట్టు ఉంది. లస్మి లోపల ఒక తాటాకు చాప లాగింది. దాని వెనక గోడకి ఆనించి బస్తాలు వరసగా ఉన్నాయి. ఎలుకలు కొట్టిన చోట్ల బూడిద కారి నేల మీద పడింది, తెల్లగా, మెత్తగా.

"ఆ మర్నాడే నది దాటి వెళ్లి ఎక్కడో బట్టీ వాళ్లని బతిమాలి తెచ్చాడు. నువ్వే తీసుకెళ్లి ఇవ్వచ్చుగా అంటే, 'అడగని సరుకు తీసుకెళ్తే నీ పని నీకు తెలియదని వాడితో చెప్పినట్టవుతుంది, ఒకసారి ఆ నోటితోనే వాడిని పోగొట్టుకున్నాను' అన్నాడు. గోడలు లేచేదాకా రోజూ సాయంత్రం మీ అరుగు మీద కూర్చున్నది అందుకే. మీరే అడుగుతారేమోనని."

దర్మాజి ఇప్పుడు అడుగుదామన్నా, ఆ మనిషి లేడు. లస్మి ఆ తోపుడు బండినే దులిపి ఇచ్చింది. అతను బస్తాలు ఎక్కించుకుని, అక్క ఇంటికి నెట్టుకుంటూ వచ్చాడు.

సార్తిని వాకిట్లోకి వచ్చి ఒక బస్తాలో చెయ్యి పెట్టి చూసింది.

"ఇంత మంచి బూడిద ఎక్కడిదిరా?"

"వగిరాన్ ఇచ్చాడు."

"ఎప్పుడు?"

"అప్పుడేనక్కా. నేనే అడగలేదు."

ఆ మాట పైకి అన్నాక, గోరీ దగ్గర సగంలో ఆగిపోయిన ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది. సార్తిని అతన్ని ఏడవనిచ్చి, సున్నం నానబెట్టడానికి నీళ్లు తోడటానికి వెళ్లింది.