చుక్కల ఆరు

వనజాక్షి బట్లహళ్ళి చేరేసరికి పదకొండున్నర అయింది. నాలుగు గంటలకు బెంగళూరు నుంచి మోహిత్ అనే డీలరు వస్తాడు. అంటే ఆమె చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు. ఆలోపు ఆ కారు అసలుదో నకిలీదో తేల్చుకోవాలి. అసలుదైతే కొనెయ్యాలి.

వనజాక్షి బాగేపల్లి పి.యు. కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. వయసు నలభై మూడు. పందొమ్మిదేళ్ళుగా ఆమె మనసులో ఒకటే కారు తిరుగుతోంది. కొర్సారో 1.6 ఆర్. మూడే తలుపులు, ఎర్రరంగు, పొట్టి ఒళ్ళు, ఆ ఒంట్లో రెండింతల కారుకు సరిపోయే ఇంజను. కంపెనీ సరిగ్గా మూడువందల కార్లు చేసి ఆపేసింది. ఆ తర్వాత దేశమే విడిచి వెళ్ళిపోయింది. మూడువందల్లో ఇది ఎన్నోదో చెప్పే చిన్న స్టీలు ప్లేటు ఒక్కో కారు డ్యాష్‌బోర్డు మీదా ఉంటుంది. ఇంత పొట్టి కారుకు ఇంత పెట్రోలా అని అప్పట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు దాన్ని మోడర్న్ క్లాసిక్ అంటూ ఊరూరా వెతుకుతున్నారు.

ఇదిగో, ఒకటి ఇక్కడ ఉంది. రేకుల షెడ్డులో, రోజాపూల బుట్టల మధ్య.

"సార్ రాలేదా మేడమ్?" అన్నాడు కారు యజమాని హనుమంతరాయ. అరవై దాటిన మనిషి. అయిదెకరాల రోజాతోట.

"ఏ సారు?"

"కారు చూసే సారు."

"కారు చూసేది నేనేనప్పా. మా సారుకు కారెక్కితే నిద్ర వస్తాది."

హనుమంతరాయ నవ్వి తాళం ఆమె చేతికిచ్చాడు. "దీంట్లో ఎవురూ నిద్రపోలేరు మేడమ్. వెనక సీటు మడిస్తే పదకొండు బుట్టలు పడతాయి. చిక్కబళ్ళాపురం మార్కెట్టుకు టెంపోలోళ్ళు వచ్చేలోపల నేను పూలమ్మి, దోసె తిని, తిరుగుదారి పట్టుంటా. ఇప్పుడు మోకాళ్ళే క్లచ్చి తొక్కనీయడంలా."

వనజాక్షి కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. వంగి కింద చూసింది. తలుపుల అంచులు వేలితో తడిమింది. బానెట్ ఎత్తి టార్చి వేసింది. వెనక సీటు సందుల్లో ఎండిన రోజా రేకులు తప్ప వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. పదహారేళ్ళు పూలు మోసిన బండిలా లేదు, పూలలో పెట్టి పెంచిన బండిలా ఉంది. అడిగింది ఆరున్నర లక్షలు. ధర న్యాయంగానే ఉంది.

డ్యాష్‌బోర్డు మీద ప్లేటు చూసింది. 216/300.

ఇక మిగిలింది ఒకే పని. బెంగళూరులో అమరనాథ్ అనే రిటైరైన ఇంజనీరు ఉన్నాడు. ఆ మూడువందల కార్లలో ఏది ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో రాసిపెట్టిన రిజిస్టరు ఆయన దగ్గరుంది. ఆయన అవునంటే అవును, కాదంటే కాదు. వనజాక్షి ఫోన్ చేసింది.

"స్పీకర్ వేయమ్మా, నేనూ వింటా," అన్నాడు హనుమంతరాయ. ఇంటి గుమ్మంలో అతని భార్య అంజనమ్మ పూల బుట్ట ముందేసుకుని కాడలు కత్తిరిస్తోంది.

"రెండు వందల పదహారా?" అన్నాడు అమరనాథ్. కాగితాలు తిరగేసిన చప్పుడు. "అది కోయంబత్తూరులో ఉందమ్మా. మొదటి ఓనరు దగ్గరే, బిల్లుతో సహా. పోయిన నెల నేనే వెళ్ళి చూసొచ్చాను."

వనజాక్షి మళ్ళీ టార్చి వెలిగించింది.

"ఛాసిస్ నంబరు చదవనా సార్?"

"చదివి ఏం లాభం? ఏ ఛాసిస్‌కు ఏ ప్లేటు ఇచ్చారో ఆ జాబితా కంపెనీతోనే పోయింది. మనకున్న ఆధారం ప్లేటొక్కటే. మామూలు కొర్సారోకు అదే పెద్ద ఇంజను బిగించి, ఎర్రరంగు పూసి, ప్లేటు చేయించి అంటించేవాళ్ళు తయారయ్యారు. మీరు లేచి వచ్చేయండి."

ఫోన్ పెట్టేశాడు. హనుమంతరాయ కారును చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే మూడు లక్షలిచ్చి తీసుకుపోమ్మా," అన్నాడు. "నాలుగింటికొచ్చే మోహిత్‌కూ ఇదే మాట చెప్తా. దొంగ సరుకని చెవులారా విన్నాక ఆరున్నర అడిగేదానికి నాకు నోరు రాదు."

నకిలీ అయితే మూడు లక్షలు కూడా దండగే. వెళ్ళిపోవడమే తెలివైన పని. కానీ పందొమ్మిదేళ్ళు ఎదురుచూసిన కారు తాళం చేతిలో ఉంది.

"ఒక్కసారి నడిపి చూస్తానప్పా."

"నేనూ వస్తా," అంది అంజనమ్మ, కత్తెర బుట్టలో పడేసి లేస్తూ. "మురుగమల్ల దావలో నాకు పనుండాది."

"నీకేం పనే ఆ పక్క?"

"ఉండాదిలే. పని చెప్పి చేయాల్నా?"

ఊరు దాటేదాకా వనజాక్షి మెల్లగా పోనిచ్చింది. తర్వాత రాతిగుండ్ల మధ్య మెలికలు తిరిగే ఎత్తు దారి వచ్చింది. మూడో గేరులో కాలు నొక్కింది. కారు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, దూకింది. మలుపులో స్టీరింగు ఎటు తలచుకుంటే అటు తిరిగింది. నకిలీది ఇలా పరుగెత్తుతుందా? పరుగెత్తుతుంది. ఇంజను అదేగా. ఆమెకు తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోలేదు.

ఎత్తు పైన కారు రోడ్డు పక్కన ఆపింది. ఫోన్ కెమెరా ప్లేటుకు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఫోటో తీసి, పెద్దది చేసి చూసింది.

2, 1 సాఫీగా ఉన్నాయి. అచ్చుపోసిన అంకెలు. 6 మాత్రం ముప్పావు వంతే అచ్చు. కింద ఎడమవైపు దాన్ని మూసే చిన్న గీత, నిజానికి గీత కాదు. చుక్కల వరస. పక్కపక్కనే పొడిచిన సన్నని చుక్కలు.

ఆ చుక్కలను ఆమె రోజూ చూస్తుంది. ఇంట్లో స్టీలు బిందె మీద, పెళ్ళికి వచ్చిన పళ్ళేల మీద, 'బా. వనజాక్షి' అని ఉన్న పేరంతా ఆ చుక్కలే. పాత్రల అంగడిలో పేర్లు చెక్కే మిషను చుక్కలు.

అవి తీసేస్తే అది ఆరు కాదు, అయిదు. 215. అమరనాథ్ రిజిస్టరులో ఆచూకీ లేని కార్లు పద్నాలుగే. ఆ పద్నాలుగు నంబర్లూ వనజాక్షికి కంఠతా వచ్చు. వాటిలో 215 ఉంది.

అక్కడికక్కడే ఫోటోను అమరనాథ్‌కు పంపి, 'ఆరును బాగా చూడండి' అని రాసింది. అప్పుడు పక్కకు తిరిగింది. అంజనమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ రోడ్డువైపు చూస్తోంది.

"అక్కా, ఇది ఎవరు చేసినారు?"

"నేనే," అంది అంజనమ్మ. అడిగితే చాలు అన్నట్టు మాట గబగబా వచ్చేసింది. "ఈ కారు కొన్న యాడాది రెండు బోర్లు ఎండిపాయె. మా ఆయప్ప కాలు ఇరగ్గొట్టుకునె. చింతామణిలో శాస్తుర్లు ఉంటే పోయి అడిగితి. ఇంట్లోకి కొత్తగా ఏమొచ్చిందమ్మా అనె. కారు అంటి. నంబరు చెప్పు అనె. రెండూ ఒకటీ అయిదూ ఎంత?"

"ఎనిమిది."

"శనేశ్వరుడి అంకె! శనిని నువ్వే అద్దాలు తుడిచి ఇంట్లో నిలబెట్టుకున్నావు గదమ్మా అనె. కారు అమ్మేయమంటే ఆయప్ప అమ్ముతాడా? నన్నన్నా అమ్ముతాడు గాని."

వనజాక్షికి నవ్వు ఆగలేదు. "అందుకని?"

"రెండు స్క్రూలే గదా. కూరగాయల కత్తితో విప్పితి. సుబ్బరాయప్ప పాత్రలంగడికి పోయి అయిదును ఆరు చెయ్యప్పా అంటి. కూడితే తొమ్మిది అయిపాయె. ఊరికే చేపిచ్చుకుంటే బాగుండదని ఒక చెంబు కొంటి. సాయంత్రానికి మళ్ళా బిగిస్తి. ఆ నెలలోనే మూడో బోరుకు నీళ్ళు పడె, తెలుసునా?"

"మీ ఆయనకు తెలుసా?"

"ఆయప్పకు రోజాకు తెగులొస్తే ఆమడ దూరం నుంచి కనపడతాది. ఇదేం కనపడతాది?" ఆమె గొంతు తగ్గింది. "చెప్పద్దమ్మా. ఆయనకు తెలీకుండా నేను చేసింది ఈ ఒక్కటే. ఎట్లాగూ నీకు మూడుకే వస్తాంది గదా. అది నీ అదృష్టం అనుకో. తీసుకో. నోరు మాత్రం తెరవద్దు."

ఏ దొంగకూ ఇంత మర్యాదగా ఎవరూ తలుపు తీసి ఉండరు. నోరు మూసుకుంటే చాలు. ఆరున్నర లక్షల కారు మూడు లక్షలకు వస్తుంది. పైగా ఒక ఆడమనిషి పరువు కాపాడిన పుణ్యం. నోరు తెరిస్తే ఈమె గుట్టు బయటపడుతుంది. తెరవకపోతే ఆ ముసలాయన్ని మోసం చేసినట్టే.

అప్పుడు ఫోటో గుర్తొచ్చింది. ఫోన్ తీసింది. తీసేద్దామనుకునేలోపే రెండు టిక్కులూ నీలంగా మారిపోయాయి. అమరనాథ్ చూసేశాడు.

ఆమె కారు వెనక్కు తిప్పింది. దారి పొడుగునా ఫోన్ మోగలేదు. కొండల సందులో సిగ్నల్ లేదు.

ఇంటికి రాగానే అంజనమ్మ కాఫీ పెడతానని లోపలికి పోయింది. వనజాక్షి తాళం హనుమంతరాయ చేతికివ్వలేదు.

"తీసుకుంటానప్పా. ఆరున్నరకే."

అతను తోటలోకి చూశాడు. "నకిలీకి నిండు ధర ఎవురిస్తారు మేడమ్?" అన్నాడు చివరికి. "చెప్పేసిందా?"

"ఏం చెప్పేదప్పా?"

"పదహారేండ్లుగా వారం వారం ఆ ప్లేటు తుడిచేది నేను. అయిదు ఆరైతే నాకు తెలీదా? వేలికి తగుల్తాది."

వనజాక్షి కారు కిటికీలోంచి ప్లేటు వైపు చూసింది. "మరి ఫోన్లో ఆయన దొంగబండి అంటే ఎందుకు ఊరికే విన్నారు?"

"ఏమని చెప్పేది? కొత్తమనిషి ముందర, ఎవరో పెద్దమనిషి ఫోన్లో వింటాండగా, మా ఆమె ఇట్లా చేసింది సార్ అని చెప్పాల్నా? డబ్బు పోతే పోనీ. పూలు మళ్ళా పూస్తాయి." గొంతు ఇంకా తగ్గించాడు. "నాకు తెలుసని ఆమెకు తెలీదు. తెలిసిందా, ఆ బోరు నీళ్ళు కూడా తానే తెప్పించినాననే ధైర్యం పోతాది. మీరు మూడే ఇయ్యండి."

"మూడిస్తే నేను దొంగనవుతా. ఆరున్నర ఇస్తే ఎందుకిచ్చినావని అక్క అడుగుతాది."

"లెక్చరరు గదా మేడమ్, ఏదన్నా ఫార్ములా చెప్పండి."

ఫార్ములా తట్టకముందే బానెట్ మీద పెట్టిన ఫోన్ మోగింది. అమరనాథ్. అదే క్షణంలో అంజనమ్మ మూడు లోటాలతో గుమ్మం దాటింది. ఎత్తకుండా వదిలేస్తే ఆయన మళ్ళీ మళ్ళీ చేస్తాడు. వనజాక్షి ఎత్తింది. ఈసారి స్పీకర్ వేయలేదు. ఆ గొంతుకు స్పీకర్ అక్కర్లేకపోయింది.

"దొరికింది! రెండు వందల పదిహేను! పదేళ్ళుగా వెతుకుతున్నానమ్మా! భూతద్దం పెట్టి చూశా. అయిదు మీద ఎవరో చుక్కలు పొడిచారు. కారు అసలుది! ఎవరమ్మా, ఎవరు చేశారు ఈ పని?"

అంజనమ్మ పళ్ళెంతో కారు పక్కనే ఆగిపోయింది. వనజాక్షి నోరు తెరిచింది.

"మొదటి ఓనరు సార్!" అన్నాడు హనుమంతరాయ, ఫోన్ దగ్గరకు వంగి. "బెంగళూరాయన. నేను కొనేటప్పుడే అట్లుండె. సిటీవోళ్ళకు ఈ అంకెల పిచ్చి ఎక్కువ గదా."

అంజనమ్మ భర్తను చూసింది. అతను కాఫీ లోటా అందుకుని ఊదుకుంటున్నాడు. ఆమె పళ్ళెం వనజాక్షి ముందుకు చాపింది.

"అవును, వాళ్ళకే ఎక్కువ," అంది. "మా పక్క ఇట్లాంటివన్నీ యాడుండాయి?"

వనజాక్షి కాఫీ గబుక్కున మింగి నాలుక కాల్చుకుంది.

"ఆయన పేరేమిటి? రిజిస్టరులో రాసుకోవాలి," అన్నాడు అమరనాథ్.

ఇద్దరూ వనజాక్షి వైపు చూశారు. ఆమెది లెక్కలు సరిచూసే వృత్తి. తప్పు కొలత రాసిన పిల్లల ల్యాబ్ రికార్డులు వెనక్కి కొట్టే మనిషి.

"అంకె మార్చి ఉంది, మార్చిందెవరో తెలియదు అని రాసుకోండి సార్," అంది.

కారు అసలుదని తేలాక ధర గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేకపోయింది. డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్ళింది. కారును వనజాక్షి పేరుకు మార్చే కాగితాల మీద హనుమంతరాయ సంతకాలు పెట్టాడు. తర్వాత మోహిత్‌కు ఫోన్ చేసి, "రావద్దు నాయనా, బండి పాయె," అన్నాడు. అవతలివాడు ఎంతకు పోయిందని అడుగుతుండగానే పెట్టేశాడు.

వనజాక్షి సీటు సర్దుకుని ఇంజను వేసింది. అంజనమ్మ కిటికీ దగ్గరకు వచ్చి, భర్త వినకుండా లోపలికి వంగింది. గుట్టు కాపాడినందుకు ఏదో అనబోతుందనుకుంది వనజాక్షి.

"మెల్లగా పోయేవు," అంది అంజనమ్మ. "దీనికి మెల్లగా పోతే జ్వరమొస్తాది. ఊరు దాటినాక మూడో గేరులో బాగా తొక్కు."