రీస్టార్టే డిఫాల్టు

రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటరు పొద్దుటినుంచీ ఒకటే పని చేస్తోంది: వెలగడం, ఆరడం, మళ్ళీ వెలగడం. రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. బయట బెంచీ మీద ఒక తల్లి ఏడుపు మొహంతో కూర్చుని ఉంది. పక్క ఆసుపత్రిలో ఆవిడ కొడుకుని ఆపరేషన్‌కి సిద్ధం చేసి, రక్తం రిపోర్టు తెమ్మన్నారట.

ల్యాబులో కంప్యూటరు పని చూసే, యజమాని మేనకోడలు వచ్చి కీబోర్డు ముందు కూర్చుంది. మీటల సందుల్లో బిస్కెట్ పొడి, ఎండిన టీ, వాటి మధ్య కత్తిరించి వదిలేసిన గోళ్ళు. ఛీ! ల్యాబు ఆమె మామయ్యది. గోళ్ళు మామయ్య అల్లుడివి. పెళ్ళయిన మర్నాడే ఆ మహానుభావుణ్ణి సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చోబెట్టారు.

"నిన్న దీన్నేం చేశావన్నయ్యా?"

"బాగుచేశాను," అన్నాడు అల్లుడు దర్జాగా. "ఇది మొరాయించినప్పుడల్లా నువ్వు రీస్టార్టే కదా చేస్తావు? అదేదో ముందే అయిపోతే పోలా అని, ఆన్ చెయ్యగానే ఏ మోడ్‌లోకి వెళ్ళాలి అన్నచోట రీస్టార్ట్ పెట్టేశా. లాగిన్ అడిగే ఆ నల్లటి టెర్మినల్ తెరలు కూడా తీసేశా. చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి."

ఆమెకు నవ్వు కూడా రాలేదు. లేస్తే రీస్టార్టు, రీస్టార్టయితే మళ్ళీ రీస్టార్టు. గానుగెద్దునైనా సాయంత్రానికి విప్పుతారు కదా!

కంప్యూటరు లేస్తున్నప్పుడు బూట్ మెనూ కనబడిన రెప్పపాటులో మీట నొక్కి ఆపింది. అందులో ఉన్న ఆదేశం చివర ఒక్క మాట చేర్చి, రిపేరు మోడ్‌లో లేపింది. మామూలు మోడ్‌ని మళ్ళీ డిఫాల్టు చేసింది. అల్లుడు తీసేసిన టెర్మినళ్ళు మళ్ళీ పెట్టింది. ఈసారి కంప్యూటరు బుద్ధిగా లేచి లాగిన్ అడిగింది. ప్రింటరు కదిలింది.

అప్పుడొచ్చి చెవి దగ్గర వంగాడు మామయ్య. "బయట కూర్చున్నావిడతో, నువ్వే పొరపాటున ఏదో నొక్కావని చెప్పు తల్లీ. అల్లుడి పరువు పోతే నా కూతురి కాపురం ఏం కావాలి? నువ్వు మన పిల్లవి, సర్దుకుపో."

"చస్తే చెప్పను మామయ్యా. ఈ పిల్ల చేస్తే తప్పు జరగదు అన్న పేరొక్కటే నాకున్నది. అది కూడా మీ అల్లుడికి రాసిచ్చెయ్యనా?"

"సరే, నువ్వు చెప్పకులే," అని ఆయన తలుపు తీసి బయటికి వెళ్ళాడు. ఆయన గొంతు లోపలికి బాగానే వినిపించింది. "మా మేనకోడలు చూసుకోకుండా ఏదో నొక్కేసిందమ్మా. అల్లుడుగారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది."

అది విని అల్లుడు కాలరు సర్దుకుని, తనూ బయటికి వెళ్ళి నిలబడ్డాడు. సిగ్గన్నది ఉంటే కదా!

ఆమె వేడివేడి రిపోర్టు తీసుకుని పరుగున వెళ్ళింది. తల్లి దాన్ని చేతిలోంచి లాక్కుంది.

"పిల్లాడి ప్రాణం మీదికి తెచ్చావు కదే!"

"నేను కాదమ్మా. ఒట్టు, నేను కాదు."

"పైగా అబద్ధాలు కూడానా!" తల్లి ఆమెను ఎగాదిగా చూసి, అసహ్యంగా మొహం తిప్పుకుంది. అల్లుడివైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"పర్లేదమ్మా, వెళ్ళండి, వెళ్ళండి," అన్నాడతను.