పెరికిన రాళ్లకు బాణాలు

నలభై మందికి పలావు వండిన డేక్సాను పీచుతో తోముతున్నాను. జమ్మలమడుగు కొండ నుంచి ప్రొద్దుటూరికి తిరిగొచ్చిన నా మొగుడు బెంజమిన్ సంచి తెచ్చి నా పక్కన బోర్లించాడు. పద్నాలుగు రాతి కడ్డీలు, బొటనవేలంత లావు. ఒక్కదాని మీదా బాణం లేదు.

"చేతులు కడుక్కొని వీటికి బాణాలు గియ్యి ప్రసన్నా. పొద్దున ల్యాబుకు పార్శిల్ పంపల్ల."

పీచు డేక్సాలో పడేశాను. రాయి చుట్టూ డ్రిల్లుతో తొలిచాక, అది ఇంకా కొండకు అంటుకొని ఉండగానే దిక్సూచి పెట్టి నెత్తిన బాణం గీయాలి, కోణం నోట్‌బుక్కులో రాయాలి. ఆ తర్వాతే పెరకాలి. పెరికాక రాయి కొండలో ఎటు చూసిందో తెలియదు, అప్పుడు గీసిన బాణం పచ్చి అబద్ధం. పెళ్లి పేరుతో డిగ్రీ సగంలో మాన్పించిన నాకు తెలిసిన ముక్క, పీహెచ్‌డీ చేసే ఆయనకు తెలియదా? తెలుసు. కానీ మూడేళ్లుగా బాణాలు గీసేది, కోణాలు రాసేది, డ్రిల్లు కాలిపోకుండా నీళ్లు పోసేది నేను. ఈసారి మా అత్త విజయమ్మ అడ్డం పడింది. "ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకొని కోడలు కొండలెంబడి పోతే సంఘమోళ్లు ఏమనుకుంటారు? ప్రభువు చేసిన రాయి యా పక్క చూస్తే నీకేందమ్మే?" నేను వంటకు ఉండిపోయాను. ఆయన ఎండకు తాళలేక గబగబా పెరుక్కొచ్చాడు.

అసలు ఈ రాళ్ల సంగతి పట్టింది నేను. సున్నపురాయి పుట్టేటప్పుడు అందులోని ఇనుప రేణువులు ఆనాటి అయస్కాంతపు ఉత్తరం దిక్కును పట్టుకుంటాయి; ఆ దిక్కు యుగానికో తీరుగా ఉంటుంది. తర్వాత పొర వాలితే ఆ దిక్కూ వాలాలి. మా కొండకు ఒక పక్క పొరలు తూర్పుకు, మరో పక్క పడమరకు వాలాయి. అయినా ల్యాబులో కొలిస్తే కొన్ని రాళ్లు రెండు పక్కలవీ ఒకే దిక్కు చూపించాయి, అంటే పొరలు వాలాక పట్టిన దిక్కు అది. నేను నోట్‌బుక్కులోని రాళ్ల జాబితా ముందేసుకొని చూశాను. సుత్తితో కొడితే కిరసనాయిలు వాసన వచ్చిన రాళ్లే అవి!

"రాతిలో చిక్కిన పాత జీవాల మురుగు వేడికి ఉడికి చమురైనప్పుడు కొత్త ఇనుప రేణువులు పుట్టింటాయి. అవి ఆనాటి దిక్కు పట్టుకోనుంటాయి. ఆ దిక్కు వయసు తెలిస్తే చమురెప్పుడు పుట్టిందో తెలుస్తాది" అని ఆయనతో అన్నాను.

"వాసనల సంగతి నీకు బాగా తెలుసులే. పప్పు మాడతాండాది, పోయి చూడు" అని నవ్వాడు.

నెల తిరిగేసరికి ఆ మాట ఆయన థీసిస్‌లో 'నేను గమనించాను' అయ్యింది. ముందుమాటలో నాకు దక్కింది, ఓపికగా టీ కాచి ఇచ్చినందుకు కృతజ్ఞత. గైడు మాత్రం పడమటి పక్క రాళ్లు చాలవు, ఇంకా తెస్తేనే నమ్ముతానన్నాడు. ఈ పద్నాలుగూ అవే.

పదకొండేళ్లుగా ఈ ఇంట్లో నన్నూ ఉడికించారు. ఆయన ఎటు చూస్తే అటు చూశాను. తన దిక్కు మారిందని రాయికి తెలియదు. నాకు తెలుసు. అదే నా మంట.

"పెరికినాక యాడ గీయల్లప్పా?"

"అందాజుగా గియ్యి. నోట్‌బుక్కంతా నీ రాతే, సారుకు అనుమానం రాదు."

"దొంగ బాణాలు కలిపితే మంచివీ చెడిపోతాయి. మళ్లీ పోయి తొలుచుకోని వద్దాం."

"శానా నేర్చినావే! గీతలు గీసేదానివి గీతలు గియ్యి."

లోపలి నుంచి అత్త అందుకుంది. "మొగుడు గీయమంటే గీయల్లగానీ ఈ వాదనేందే?"

నేను చేతులు తుడుచుకొని మార్కర్ తీశాను. ఆయన మొహం విప్పారింది. ఒక్కో కడ్డీ మీదా 'దిక్కు తెలియదు' అని రాశాను. పద్నాలుగింటి మీదా. ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఫోన్ తీసి గైడుకు చేశాను.

"సార్, కొత్త రాళ్లు పద్నాలుగూ లెక్కలోకి పనికిరావు. బాణం గీయకముందే పెరికినారు. పడమటి పక్క మళ్లీ తొలవల్ల, నేనే పోయి తెస్తా. కిరసనాయిలు వాసన రాళ్ల మాట కూడా నాదే."

గైడు అడిగాడు.

"ఎవరమ్మా? బెంజమిన్ భార్యా?"

ఆయన ఫోన్ లాక్కోవడానికి చెయ్యి చాచాడు. ఆ చేతిని పక్కకు తోశాను.

"నోట్‌బుక్ రాసినదాన్ని సార్. నా పేరు ప్రసన్నకుమారి."