పాతాళగంధి చుక్కలు

కాట్రేనికోనలో పెద్దింట్లమ్మ రోజూ పొద్దున్నే సాన కడిగి, పాతాళగంధి వేరు నీళ్లతో అరగదీసేది. ఆ నీళ్లు చేమాకు మీద పోస్తే మూడు చుక్కలుగా విడిపోయేవి. తెల్లది నిద్రకి, పసుపుపచ్చది నెత్తురు ఉడుక్కి, గోధుమరంగుది ఉన్మాదానికి. ఆకు మధ్యలో పెట్టి చుట్టూ కూర్చుంటే, ఎవరికి ఏది కావాలో అది వాళ్లవైపే దొర్లేది. చుక్క రానివాళ్లు “నాకేం జబ్బు లేదన్నమాట” అనుకుని పనుల్లోకి పోయేవారు.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటేడు, కాకినాడ ఆసుపత్రిలో గాయాలకి కట్లు కట్టే డ్రెస్సరు అబ్రహాము ఆ వేళ్ల కోసం పడవ దిగేడు.

“మేం సారాలో మరిగిస్తే అంతా కలిసి ఒకటే చేదు పసరవుతోందండి. మీకెలా విడిపోతోందండి?”

“ఏమో బాబూ, మా అత్తగారికీ ఇలాగే విడిపోయేది.”

అంతలో జాలర్ల పాలెం నించి దుర్గమ్మ తన మొగుణ్ణి తీసుకొచ్చింది. నూకయ్య చేతులు తాడుతో కట్టి ఉన్నాయి. ఎనిమిది నెలల కిందట గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడి అతని తమ్ముడు పోయేడు. అప్పట్నించీ వాణ్ణి తీసుకొస్తానని సముద్రంలోకి పరిగెడతాడు, ఆపితే కొడతాడు.

“పడుకుంటన్నాడా?” అనడిగింది పెద్దింట్లమ్మ.

“లేదండి.”

“మరి నువ్వో?”

“నాకేంటండి, బానే ఉన్నాను.”

పెద్దింట్లమ్మ ఆకు మధ్యలో పెట్టింది. గోధుమరంగు చుక్క నూకయ్య వైపు దొర్లింది. పసుపుపచ్చది కదల్లేదు. తెల్లది నూకయ్య వైపు కొంచెం వెళ్లి, ఆగి, దుర్గమ్మ మోకాలి వైపు వచ్చేసింది.

“నాక్కాదండి, ఆయనకండి” అంటూ దుర్గమ్మ తనవైపు ఆకు అంచు పైకెత్తింది. చుక్క ఆ ఎత్తు ఎక్కి మళ్లీ ఆమె దగ్గిరికే వచ్చింది.

దుర్గమ్మ ఆకు అంచు వదిలేసింది.

“ఈయన్ని మీకప్పగించేసి గోదాట్లో దిగిపోదామనే వచ్చేనండి” అంది.

 పెద్దింట్లమ్మ చివాట్లు పెట్టలేదు.

“ఆయ్. ముందు నోరు తెరు” అని, చుక్కని వేలితో తీసి ఆమె నాలిక్కి రాసింది. గోధుమరంగుది నూకయ్యకి పట్టించింది.

దుర్గమ్మ పెద్దింట్లమ్మ అరుగుమీదే రెండు రోజులు పడుకుంది. పాలెంలో నాలుగిళ్లవాళ్లు వంతులేసుకుని నూకయ్య దగ్గిర కూర్చున్నారు. ఒక పూట అబ్రహామే అతనికి గంజి తాగించేడు.

మూడోనాడు దుర్గమ్మ లేచి, “ఆకలేస్తందండి. ఏవన్నా ఉందా?” అంది.

పెద్దింట్లమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసిచ్చింది. మొగుడు ఎక్కడున్నాడని దుర్గమ్మ అడగలేదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆఖరి మెతుకు దాకా తిని, ఇంకొంచెం పెట్టమంది.