విజిల్ వెయ్యని పూట

నేను ఒక అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్‌ని. రేకుగా పుట్టి, ఫ్యాక్టరీలో పెద్ద మర కింద ఒక్క దెబ్బకి గిన్నెనయ్యాను. నెత్తిన వెయిట్, మూత అంచుకి నల్లటి గాస్కెట్ తొడిగి అట్టపెట్టెలో కూర్చోబెట్టారు. మొదట ఒక పెళ్లికి కానుకగా వెళ్లాను. అక్కడ నాలాంటివి బోలెడు రావడంతో, పెట్టె విప్పకుండానే పై కాగితం మార్చి ఇంకెవరిదో గృహప్రవేశానికి పంపేశారు. మనుషుల శుభాకాంక్షలు ఇలాగే చేతులు మారుతుంటాయి కాబోలు.

అలా బెజవాడలో కనకవల్లి ఇంటికొచ్చి పడ్డాను. ఆవిడకి నేనంటే హడలు. నన్ను పొయ్యి మీద పెట్టి హాల్లోకి పరుగు. విజిల్ వేస్తే చెవులు మూసుకుంటుంది, వెయ్యకపోతే గుండె పట్టుకుంటుంది. కూతురు లాస్య మంచినీళ్లకని ఇటొస్తే, "కుక్కరుందే, ఇవతలికి రా!" అని కేక. నేనేదో కరుస్తానన్నట్టు! ఆవిడతో ఉండి ఉండి ఆ జబ్బు నాకూ పట్టుకుంది. పప్పు పలుకు మిగిలిపోయిందేమో, పిల్ల సగం తిని లేచిపోతుందేమోనని ఒకటే బెంగ.

వాడగా వాడగా గాస్కెట్ వదులైంది. అలాంటప్పుడు దాన్ని కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి బిగువు రప్పించడం ఇళ్లల్లో మామూలే. కనకవల్లీ పెట్టింది. పెట్టి మర్చిపోయింది! ఆదివారం పూట, అది లేకుండానే మూత బిగించి పప్పు ఎక్కించింది. చెబుదామంటే నాకున్న నోరు విజిల్ ఒక్కటే, ఆ పూట అదీ పడిపోయింది. మూత చుట్టూ బుస్సుమని ఆవిరి.

"అయ్యో, పేలిపోతోంది! లాస్యా, చెప్పులొద్దు ఏమొద్దు, నడువ్!"

మెట్ల మీద ఆవిడ అరుపులకి పై వాటావాళ్లు కూడా దిగిపోయారు. "బాంబా అమ్మా?" అని ఎవరో అడిగారు.

"పప్పండీ!" అంది లాస్య.

చివరికి కనకవల్లి మొగుడు మురారి స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని, యుద్ధానికొచ్చినట్టు వచ్చి పొయ్యి కట్టేశాడు.

"రేపే దీన్ని పాత సామాన్లవాడికిచ్చి కొత్తది తెస్తా," అన్నాడు హెల్మెట్ లోంచే.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నన్ను కరిగిస్తే మళ్లీ ఏ సొట్ట గరిటెగా పుడతానో!

ఇంతలో అమ్మకి చల్లటి నీళ్లిద్దామని లాస్య ఐసు కోసం ఫ్రీజర్ తెరిచింది. "అమ్మా, ఇదిగో నీ బాంబు!" అంటూ గాస్కెట్ పట్టుకుని ఒకటే నవ్వు.

"తప్పెవరిదైతేనేం, పీడ వదిలించుకుందాం," అన్నాడాయన.

కనకవల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను ఎగాదిగా చూసింది.

"వద్దండీ. దీనికెప్పుడు కోపమొస్తుందో నాకు తెలుసు. కొత్తదాంతో మళ్లీ మొదట్నుంచీ భయపడాలి. నా వల్ల కాదు."

ఇన్నేళ్లలో నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

గాస్కెట్ తొడిగి, ఇన్ని నీళ్లు పోసి, మళ్లీ మంట పెట్టింది. ఈసారి హాల్లోకి పోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. సంతోషం పట్టలేక నేను ఊపిరంతా కూడదీసుకుని ఒక్క విజిల్ వేశాను.

పై వాటావాళ్లు మళ్లీ మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది.