బోటి ప్రకటనలో గొంతెవరిది?

రోమ్ నగరంలో ఫియమ్మెట్టా కోర్సెట్టి ముఖం ఎవరికీ తెలియదు, గొంతు తెలియనివాళ్ళు లేరు. మొగుళ్ళకు విషం పెట్టే రాణులకూ, కోడళ్ళను కాల్చుకుతినే అత్తలకూ ఇటాలియన్‌లో డబ్బింగ్ చెప్పడమే ఆమె వృత్తి. అదే గొంతుతో, టెస్టాచ్చో మార్కెట్లో బోటి అమ్మే మరిది ఎర్కోలేకి ఓ ప్రకటన చెప్పి పెట్టింది. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత నెట్‌లోంచి మాయమైంది.

ఎర్కోలే నెత్తీ నోరూ కొట్టుకుంటూ వచ్చాడు.

"వదినా, నీది దొంగ గొంతట! వోచెల్లా కంపెనీ వాళ్ళు తీయించేశారు. వాళ్ళ మాట్లాడే డబ్బా ఉందే, లివియా, దాని గొంతు నువ్వు కాపీ కొట్టావట."

"నేనా? డబ్బానా?"

ఆమె నేరుగా కంపెనీ ఆఫీసుకెళ్ళింది. తొమ్మాసో అనే కుర్ర మేనేజరు కాఫీ ఇచ్చి మర్యాదగానే చెప్పాడు.

"వేల గొంతులు కలిపి లివియాను చేశాం మేడమ్. మీ గొంతు దానిలా ఉందంటే మా తప్పేముంది? కావాలంటే మా దగ్గర అనుమతి తీసుకుని వాడుకోండి."

"నా గొంతు వాడుకోడానికి నీ అనుమతా నాయనా? మరి తుమ్మాలంటే ఎవర్నడగాలి?"

వ్యవహారం కోర్టుకెక్కింది. తన గొంతే దొంగిలించారని ఆమె దావా వేసేసరికి కంపెనీ మాట మార్చింది; రెండు గొంతులకూ పోలికే లేదని చూపించడానికి వాళ్ళ లాయరు లివియాను బల్ల మీద పెట్టాడు. టైమెంతని అడిగితే తియ్యగా చెప్పింది. జడ్జిగారికి సరదా పుట్టి వాన పడుతుందా అని అడిగారు. దానికీ చెప్పింది.

"మీరూ అడగండమ్మా, తేడా విందాం."

ఫియమ్మెట్టా గొంతు సవరించుకుంది. "లివియా, టైమెంత?"

డబ్బా పలకలేదు. బతిమాలినట్టు అడిగింది, రాణిలా గద్దించింది. ఉలుకూ పలుకూ లేదు. లాయరు దాన్ని ఎత్తి కుదిపాడు.

"ఏం, ఆవిడంటే భయమా దీనికి?" అన్నారు జడ్జిగారు.

వెనక బెంచీలో తొమ్మాసో నోరు జారాడు. "బానే పనిచేస్తోందండీ. తన మాటలకు తనే జవాబివ్వకూడదని, సొంత గొంతు వినిపిస్తే పట్టించుకోవద్దని పెట్టాం..."

లాయరు వాడి వైపు తిరిగేసరికే హాలంతా గొల్లుమంది.

ఫియమ్మెట్టా మాత్రం నవ్వలేకపోయింది. ఇన్నేళ్ళూ చీకటి గదిలో ఎవరెవరి పెదాలకో అతికించిన గొంతు తనదేనని నలుగురిలో ఒప్పుకున్నది, చివరికి ఆ డబ్బా!

లివియా నోరు మూయించమని, క్షమాపణ చెప్పి పరిహారం ఇవ్వమని తీర్పొచ్చింది. ప్రకటన మళ్ళీ వచ్చింది. బేరాలు మాత్రం పడిపోయాయి.

"ఏమనుకోకు వదినా," అన్నాడు ఎర్కోలే నసుగుతూ. "అప్పట్లో జనం లివియా చెప్పిందనే కొన్నారు. యంత్రం అబద్ధమాడదు కదా! ఇప్పుడేమో, ఆ గొంతు డబ్బు తీసుకుని చెప్పే మనిషిదని పేపర్లో పడింది."

"డబ్బు తీసుకున్నానా నీ దగ్గర?"

వాడి మెడలోంచి ఏప్రన్ లాగి తను కట్టుకుంది. బల్ల వెనక నిలబడి, బోటి మీద నీళ్ళు చిలకరించి, మార్కెట్ కప్పు లేచిపోయేలా ఒక్క కేక పెట్టింది. చేపల కొట్టు దగ్గరున్న ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారు.